అల్లం బీరు మీద అర్జీ

మా రఫీక్ చాచా పోయిన నలభయ్యో రోజున ఆయన కూతురింట్లో అందరం కలిశాం. ఫాతిహా చదివారు, భోజనాలయ్యాయి, ఆ తర్వాత ఆడవాళ్లం లోపలి గదిలో చేరి ఆయన గురించి తలా ఒక మాట చెప్పుకున్నాం. ఈల వేస్తూ రిక్షా తొక్కేవాడని ఒకరన్నారు. ఇంటికొచ్చిన ఏ పిల్లనీ ఉత్తచేతులతో పంపేవాడు కాదని ఇంకొకరన్నారు. అన్నీ నిజాలే. కానీ ఆయన్ని ఎనిమిదేళ్లపాటు మా గుమ్మం ఎక్కనివ్వలేదన్న సంగతి మాత్రం ఒక్కరూ ఎత్తలేదు. ఎత్తవలసినవాళ్లు చాలామంది పోయారు. మిగిలినవాళ్లలో నేనొకదాన్ని. తిరిగి వస్తూ ఆటోలో కూర్చుని, ఇది నేనైనా రాసిపెట్టాలి అనుకున్నాను. చాచా అంటే మా నాన్న తమ్ముడు. మా ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, మాటలో రెండూ కలిసిపోయేవి. ఇక్కడ అందరి మాటలూ తెలుగులోనే రాస్తున్నాను.

బెజవాడ వన్‌టౌన్‌లో పంజా సెంటర్ వెనక సందులో మా ఇల్లు. ముందు భాగం కార్ఖానా, వెనక భాగం కాపురం. మేం చేసేది అల్లం బీరు. పేరులో బీరు ఉందే గానీ అది సోడాకి అన్నలాంటి పానీయం. చల్లగా తాగితే ముందు నాలుక మీద తీపి, తర్వాత గొంతులో మంట. వారానికి రెండుసార్లు మార్కెట్ నుంచి అల్లం బస్తాలు వచ్చేవి. మా అమ్మ, దాదీ, ఇద్దరు పనివాళ్లు వాకిట్లో పీటలేసుకుని చెంచాలతో తొక్క గీకేవాళ్లు. ఆ రోజుల్లో మా అమ్మ చేత్తో కలిపిన అన్నం ఎప్పుడు తిన్నా కాస్త అల్లం వాసన వేసేది. తొక్క తీసిన అల్లాన్ని రోట్లో దంచి, పంచదార నీళ్లలో మరిగించి, చల్లారాక నిమ్మరసం పిండి, జాడీల్లో పోసేవాళ్లు. అసలు పని ఆ తర్వాత మొదలయ్యేది. ప్రతి జాడీలోకీ పల్చటి గుడ్డలో కట్టిన మొక్కను దించేవాళ్లు. మేం దాన్ని మొక్క అనేవాళ్లం గానీ దానికి ఆకూ లేదు, వేరూ లేదు. నానబెట్టిన సగ్గుబియ్యంలా తెల్లగా, మెత్తగా ఉండే గింజలు. పంచదార తిని పెరిగేవి. మూడు రోజుల్లో ఆ నీళ్లు బుసబుసలాడేవి. అప్పుడు వడకట్టి, గోధుమరంగు సీసాల్లో పోసి, బిరడా బిగించి పురికోస కట్టేవాళ్లు. దాన్ని మొక్క అని ఎందుకంటారని అడిగితే మా ఇంట్లో ఎవరికీ తెలియదు. మా ముత్తాత అలా అనేవాడు కాబట్టి మేమూ అనేవాళ్లం.

మా ముత్తాత ఖాదర్ బెజవాడ రైల్వే బంగళాల్లో ఒక దొర దగ్గర వంటవాడు. ఆ దొరని మా ఇంట్లో డబ్లిన్ దొర అనేవాళ్లు. ఐర్లండువాడట, సారా ముట్టడట, తాగడానికి తనే అల్లం బీరు చేసుకునేవాడట. మద్రాసుకి బదిలీ అయి వెళుతూ, ఇన్నేళ్లు నమ్మకంగా ఉన్నావని మొక్కలో సగం మా ముత్తాత చేతిలో పెట్టాడని మా కథ. వీధిలో ఇంకో కథ ఉండేది. దొర సామాను సర్దుకునే హడావిడిలో ఖాదర్ జాడీ ఎత్తుకొచ్చేశాడని. ఈ రెండో కథ వినపడ్డప్పుడల్లా మా నాన్న మొహం మాడిపోయేది. నాన్నని మేం అబ్బా అనేవాళ్లం. తన తాత మీద ఊళ్లోవాళ్లు మోపిన ఆ దొంగతనం వల్లనో ఏమో, ఆయనకి లోకంలో ప్రతివాడూ మా మొక్క ఎత్తుకుపోవడానికే పుట్టాడనిపించేది. జాడీల గది తాళంచెవి బనియను లోపల తాడుకి వేలాడేది. ఇంటికొచ్చిన చుట్టాలు దొడ్లోకి వెళ్లాలంటే ఆ గది దాటి వెళ్లాలి. అందుకని ఎంత పెద్దవాళ్లయినా సరే, అబ్బా వాళ్ల వెంట నడిచి వెళ్లి, బయట నిలబడి, మళ్లీ వెంట తీసుకొచ్చేవాడు. నీళ్లబిందెల మనిషి వరసగా రెండుసార్లు ఒకే ప్రశ్న అడిగితే మూడోరోజు కొత్త మనిషి వచ్చేవాడు.

రఫీక్ చాచా దీనికి పూర్తిగా ఎదురు. రిక్షాలో సీసాల పెట్టెలు వేసుకుని స్టేషనుకీ, సినిమా హాళ్లకీ, కాలువగట్టు మీది కొట్లకీ తిరిగేది ఆయనే. పోలీసులు, పోర్టర్లు, లాయరు గుమాస్తాలు, అందరూ ఆయనకి స్నేహితులే. వీడి నోటికి మూత లేదని అబ్బా ఎప్పుడూ అనేవాడు. నేనంటే చాచాకి ప్రాణం. కొత్త జాడీ వడకట్టిన రోజున మొదటి గ్లాసు నురుగుతో సహా నాకే పట్టుకొచ్చేవాడు.

ఇక దాదీ, అంటే నాన్నమ్మ. తెల్లవారకముందే నమాజు చేసుకుని జాడీల గదిలోకి వెళ్లి, ఒక్కో జాడీకీ చెవి ఆనించి వినేది. లోపల పులుస్తున్న చప్పుడు సన్నగా, వాన తగ్గాక చూరు కింద వినపడే చినుకుల్లా ఉండేది. అది వింటే ఏ జాడీ ఎప్పటికి తయారవుతుందో ఆమె చెప్పగలిగేది. ఆ జాడీలంటే ఆమెకి ప్రేమ అనుకునేవాళ్లం. కానీ ఆమె ఆ బీరు ఒక్క గుక్క కూడా తాగేది కాదు. అడిగితే నాకు అల్లం పడదు అనేది. అల్లం టీ మాత్రం పొద్దునా సాయంత్రం తాగేది. పిల్లనైనా నాకు అది వింతగా తోచింది గానీ ఆమెని అడగలేదు. మా ఇంట్లో ఎవర్ని ఏది అడిగినా, ఎందుకడుగుతున్నావు అనేవాళ్లు.

నాకు పదమూడేళ్లప్పుడు రాష్ట్రంలో మద్యం నిషేధించారు. పల్లెల్లో ఆడవాళ్లు సారా మీద తిరగబడి సాధించుకున్న పని అది. మా దాదీ పేపరు చదివించుకుని విని, వాళ్ల చేతులు చల్లగుండాలని దువా చేసింది. ఆ నెలలోనే జనం మా సీసా మీది కాగితాన్ని కొత్తగా చదవడం మొదలుపెట్టారు. పొగబండి బొమ్మ, దాని కింద జింజర్ బీర్ అని పెద్ద అక్షరాలు. అన్నేళ్లుగా ఎవరికీ పట్టని ఆ రెండో మాట ఇప్పుడు అందరికీ పట్టింది. మసీదు దగ్గర ఒక పెద్దాయన అబ్బాని పక్కకి పిలిచి, మీరు చేసేది పులియబెట్టిన సరుకే కదా, మత్తు ఉండదని ఖాయంగా తెలుసా అని మెత్తగా అడిగాడట. అబ్బా కోపంతో ఇంటికొచ్చి, ఉన్న కాగితాలన్నీ చింపించి, అల్లం షర్బత్ అని కొత్తవి అచ్చేయించాడు. దాంతో అనుమానం ఇంకా పెరిగింది. తప్పు లేనివాడు పేరెందుకు మారుస్తాడని సందులో ఎవరో అన్నారని మా అమ్మ చెప్పింది.

ఒక సోమవారం పొద్దున ఎక్సైజ్ జీపు వచ్చింది. ఇన్‌స్పెక్టరు మర్యాదస్థుడు. దాదీని చూసి, పెద్దమ్మగారూ మీరు కూర్చోండి, లోపలి గదులేమీ చూడం అన్నాడు. ఎవర్నీ ఏమీ అడగకుండా తిన్నగా జాడీల గది ముందుకెళ్లి నిలబడి తాళం తియ్యమన్నాడు. అబ్బా ఎంత లాగినా తాళంచెవి తాడు ముడి రాలేదు. చివరికి తాడు కోశారు. సీసాల పెట్టెలన్నీ లెక్క చూడడానికి వాకిట్లోకి తెప్పించారు. ఎండ ఎక్కేకొద్దీ సీసాలు ఒకటొకటిగా టప్పుమని పగలడం మొదలుపెట్టాయి. సందు సందంతా గోడలెక్కి చూసింది. నాలుగు సీసాలు, ఒక డబ్బా మొక్క పరీక్షకి తీసుకుని, ఫలితం వచ్చేదాకా ఏమీ అమ్మొద్దని కాగితం రాయించుకుని వెళ్లిపోయారు. ఎవరో అర్జీ పెట్టారని, సంతకం లేదని, పైనుంచి వచ్చింది కాబట్టి రాక తప్పలేదని ఇన్‌స్పెక్టరు వెళ్తూ అన్నాడు.

అప్పట్నుంచి ఇంట్లో ఒకటే ప్రశ్న. జాడీల గది ఎక్కడుందో వాళ్లకెలా తెలుసు? అబ్బా అన్నం దగ్గర కూర్చుని మా అందరి మొహాలూ చూసేవాడు. పనివాళ్లిద్దర్నీ మాన్పించాడు. మా అమ్మ పుట్టింటివాళ్లు ఎప్పుడెప్పుడు వచ్చారో అడిగాడు. అమ్మ ఏడ్చింది. రెండోరోజు సాయంత్రం నేను ఆయన దగ్గరికి వెళ్లాను. జీపు రావడానికి ముందు గురువారం, స్కూలు నుంచి వస్తూ చాచాని చూశానని చెప్పాను. రైల్వేస్టేషను దగ్గర టీకొట్టు పక్కన ఎక్సైజ్ కానిస్టేబుల్‌తో చాలాసేపు మాట్లాడాడని, చేత్తో మా సందువైపు చూపించాడని, నేను పిలిస్తే తడబడి నువ్వు ఇంటికెళ్లు అన్నాడని. చెప్పడానికి ముందు నాకు భయం వేసింది. చెప్తున్నప్పుడు మాత్రం, పైకి చెప్పుకోకూడని సంతోషమొకటి కలిగింది. ఇంట్లో అందరూ వెతుకుతున్నది నా దగ్గరుంది.

అబ్బా చాచాని వాకిట్లో నిలబెట్టి అడిగాడు, కానిస్టేబుల్‌తో మాట్లాడావా అని. మాట్లాడానన్నాడు చాచా. జాడీల గది ఎక్కడో చెప్పావా అంటే, చెప్పానన్నాడు. ఎందుకని అడిగితే నేల చూశాడు. దాదీ మంచం మీద కూర్చుని తస్‌బీ తిప్పుతోంది. ఆమె వేళ్లు ఒక పూస దగ్గర ఆగిపోయాయి, నోరు మాత్రం విప్పలేదు. చాచా వారంలోపే భార్యనీ పాపనీ తీసుకుని కొండపల్లి వెళ్లిపోయాడు. అక్కడ కరెంటు ప్లాంటు క్యాంటీన్‌లో పని దొరికిందని తర్వాత విన్నాం. ఎవరు చెప్పారో వాళ్లని కూడా అబ్బా అనుమానించాడు, నీకెలా తెలుసు, నువ్వు వాడితో మాట్లాడుతున్నావా అని.

కొన్ని నెలలకి పరీక్ష ఫలితం వచ్చింది. మన సరుకు నిషేధం కిందికి రాదట అని అబ్బా ఇంటిల్లిపాదికీ చెప్పి కాగితం పెట్టెలో పెట్టుకున్నాడు. అసలు మత్తు ఉందా లేదా అని దాదీ అడిగింది. రాదన్నారుగా అన్నాడాయన. ఆమె ఇంకోసారి అడిగింది. ఆయన మళ్లీ అదే అన్నాడు. కార్ఖానా తెరిచాం గానీ, స్టేషనుకీ హాళ్లకీ తిరిగే మనిషి లేడు. ఈలోగా పెద్ద కంపెనీల కోలాలు ప్రతి కొట్టుకీ ఎర్రటి ఐసుపెట్టెలు ఊరికే ఇచ్చాయి. మా సీసాలు పెట్టుకోవడానికి అక్కడ చోటు లేకుండా పోయింది.

నేను ఇంగ్లీషు ఎమ్మే చదువుతుండగా ఐర్లండు నుంచి ఉత్తరం వచ్చింది. ఖాదర్ కుటుంబం, జింజర్ బీర్ తయారీదారులు, బెజవాడ అని మాత్రమే చిరునామా. పోస్ట్‌మ్యాన్ అయిదారు రోజులు తిప్పి తెచ్చాడు. రాసినాయన పేరు డెవ్లిన్, రిటైరైన బడిపంతులు. తమది తరతరాలుగా బీరు కాచిన కుటుంబమని, తన తాత తమ్ముడు బెజవాడ రైల్వేలో పనిచేశాడని, మీ ఇంటికి రావచ్చా అని అడిగాడు. మా డబ్లిన్ దొర పేరు డబ్లిన్ కాదని, డెవ్లిన్ అని అప్పుడు తెలిసింది. నాకు ఒళ్లు పులకరించింది. అబ్బా ఆ ఉత్తరం చేత్తో పట్టుకుని అటూ ఇటూ తిప్పి, ఇన్నేళ్ల తర్వాత ఊరికే వస్తాడా అన్నాడు. మొక్క మాదని అడగడానికి వస్తున్నాడని ఆయన తీర్మానం. తెలిసిన వకీలు దగ్గరికి వెళ్లొచ్చాడు. డెవ్లిన్ గారు రావడానికి ముందురోజు జాడీలన్నీ పక్కింటి స్నానాలగదిలోకి మార్పించాడు. "ఆయన అడిగిందంతా నాకు చెప్పు. నేను చెప్పమన్నది మాత్రమే ఆయనకి చెప్పు" అని నాకు ఆజ్ఞ.

డెవ్లిన్ గారు పొడుగ్గా, సన్నగా, ఎండకి ఎర్రబారిన మొహంతో ఆటో దిగారు. డెబ్బై దాటి ఉంటాయి. అల్లం బీరు కుటుంబం చూడ్డానికి అంతదూరం నుంచి వచ్చిన మనిషికి అబ్బా సందుచివర కొట్టు నుంచి కోలా తెప్పించి ఇచ్చాడు. ఆయన మర్యాదగా తాగారు. జేబులోంచి ఒక ఫోటో తీశారు. దొర, పక్కన తలపాగాతో ఒక కుర్రాడు, ఇద్దరి మధ్యా ఒక జాడీ. వెనక ఇంగ్లీషులో రాసి ఉంది, బెజవాడ, ఖాదర్, మొక్క అని. ఇంగ్లీషులో దాన్ని మొక్క అనే అంటారని, తమ దేశంలో ఇప్పటికీ అదే పేరని ఆయన చెప్పారు. ఆ మాట నేను తెలుగు చేస్తుంటే అబ్బా కుర్చీలో కొంచెం వెనక్కి వాలాడు. దొంగతనం చేసినవాడితో ఎవరూ ఫోటో దిగరు కదా. అయినా ఆయన కళ్లు ఆ మనిషి చేతుల్ని వదల్లేదు.

తర్వాత డెవ్లిన్ గారు తమ కథ చెప్పారు. బార్లీ పండించే ఒక రైతు ఏటి ఒడ్డున పాకలో బీరు కాయడం మొదలుపెట్టాడట. కొడుకు అక్కడే పొగగొట్టంతో కార్ఖానా కట్టాడు. ఊళ్లో సగం ఇళ్లకి అదే కూడు. మనవడి కాలానికి వాళ్లింటికి వచ్చిన కోడలు తండ్రిని తాగుడుకి పోగొట్టుకున్న మనిషి. చర్చిలో ప్రమాణం చేసి, అంత పెద్ద బీరు కుటుంబంలో ఉంటూ ఒక్క చుక్క ముట్టలేదట. ఇద్దరు కొడుకులు. పెద్దవాడు, అంటే ఈయన తాత, తండ్రి పని అందుకున్నాడు. చిన్నవాడు తల్లి పక్షాన ప్రమాణం చేసి, పనివాళ్ల పిల్లల కోసం అల్లం బీరు చేసేవాడు. ఒక ఆదివారం అందరూ చర్చికి వెళ్లొచ్చేసరికి కార్ఖానాలో పీపాలన్నిటి గొట్టాలూ తెరిచి ఉన్నాయి. సంవత్సరం సరుకు ఏట్లోకి పోయింది. చిన్నవాడే చేశాడన్నారు. ఆయన కాదనలేదు, ఔననలేదు, ఇండియా ఓడ ఎక్కాడు. అన్నదమ్ములు మళ్లీ కలవలేదు. ఈయన తండ్రి హయాంలో కార్ఖానా పెద్ద కంపెనీ చేతికి పోయింది, ఇప్పుడు అందులో ఫ్లాట్లు కట్టారు. "మూడు తరాలుగా ఆయన పేరు మా ఇంట్లో ఎత్తం. నిజంగా ఆయనే చేశాడా అన్నది తెలుసుకుని చనిపోదామని వచ్చాను. మీ పెద్దవాళ్లతో ఎప్పుడైనా ఏమైనా అన్నాడా?" అని అడిగారు.

మొక్క గురించి ఆయన ఒక్క మాట అడగలేదు. అబ్బా నాతో, మాకేమీ తెలియదని చెప్పు అన్నాడు. నేను నోరు తెరిచేలోగా లోపలి గుమ్మం దగ్గర మంచం మీంచి దాదీ, ఆయన చెప్పిందంతా నాకు మళ్లీ చెప్పు అంది. చెప్పాను. ఆమె తస్‌బీ పక్కన పెట్టి, తన మామగారు, అంటే ఖాదర్, చెప్పిన సంగతి చెప్పింది. దొరకి ఇంటి నుంచి వచ్చే ఉత్తరాలన్నీ తల్లి రాసినవేనట. ప్రతి ఉత్తరంలోనూ నన్ను క్షమించు అని ఉండేదట. దేనికో ఉండేది కాదట. మా అమ్మ నన్ను ఎందుకు క్షమించమంటుందో నాకు అర్థం కాదు ఖాదర్ అని దొర అనేవాడట.

నేను అది ఇంగ్లీషులో చెప్పేసరికి డెవ్లిన్ గారు కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకున్నారు.

"గొట్టాలు తెరిచింది తల్లే" అంది దాదీ.

అబ్బా విసుక్కున్నాడు. తల్లులు ఊరికే కూడా అలా రాస్తారు, అంతమాత్రాన చెప్పేస్తామా అన్నాడు.

"ఊరికే రాయరు. తను చేసినదానికి కొడుకు నింద మోస్తుంటే చూస్తూ ఊరుకున్న తల్లి అలా రాస్తుంది" అంది. తర్వాత అబ్బా వైపు తిరిగింది. "మన మీద అర్జీ పెట్టించింది నేనే."

ఆ మాట నేను ఇంగ్లీషులోకి మార్చలేదు. డెవ్లిన్ గారు నా మొహం చూశారు గానీ అడగలేదు.

ఆమె నెమ్మదిగా చెప్పింది. కోడలిగా వచ్చిన రోజు నుంచీ ఆమెకి అదే అనుమానం, పులిసిన ఈ నీళ్లలో మత్తు ఉందా అని. భర్తనడిగితే నవ్వేవాడు. కొడుకునడిగితే కసిరేవాడు. జాడీకి చెవి పెట్టి విన్నది అందుకే. నిషేధం వచ్చాక, సర్కారువాళ్లు పరీక్ష చేస్తారని విని, కచేరీ దగ్గర అర్జీలు రాసే మనిషితో రాయించింది. ఎవరో ఒక గుమాస్తా వచ్చి ఒక సీసా పట్టుకెళ్లి ఉందో లేదో చెప్తాడనుకుంది. జీపు వస్తుందనుకోలేదు. ఆ రోజు వాకిట్లో చిన్నకొడుకు తల వంచుకుని నిలబడ్డప్పుడు నోరు పెగల్లేదు. రేపు చెబుదాం అనుకుందట. అలా ఎనిమిదేళ్లు.

అబ్బా లేచి వెళ్లి పెట్టెలోంచి ఆ పరీక్ష కాగితం తెచ్చి ఆమె మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు. ఆయన అలా కూర్చోవడం నేను మళ్లీ చూడలేదు. "కొంచెం ఉందమ్మా. చాలా కొంచెం. మత్తెక్కేంత కాదు. కానీ ఉంది" అన్నాడు.

దాదీ కళ్లు మూసుకుంది. "దాని సంగతి నేను అల్లాతో మాట్లాడుకుంటాను. ముందు నన్ను చిన్నాడి దగ్గరికి తీసుకెళ్లు" అంది.

మర్నాడు పొద్దున ప్యాసింజరు బండిలో దాదీ, అబ్బా, నేను కొండపల్లి వెళ్లాం. చాచా రేకుల ఇంటి ముందు సైకిలు తుడుచుకుంటున్నాడు. జుట్టు సగం తెల్లబడింది. దాదీ ఆటో దిగుతూనే చెప్పేసింది, గుమ్మం కూడా ఎక్కకుండా. చాచా ఆమె చెయ్యి పట్టుకుని, "నాకు తెలుసమ్మా" అన్నాడు. ఆ అర్జీలు రాసే ఆయన కూడా చాచా స్నేహితుడేనట, అర్జీ పంపించేశాక చెప్పాడట. ఆపలేక, చాచా కానిస్టేబుల్ని పట్టుకుని బతిమాలాడు. శుక్రవారం రాకండి, ఆడవాళ్ల గదుల్లోకి వెళ్లకండి, జాడీల గది ఫలానా చోట ఉంది, అది చూసుకుని వెళ్లిపోండి అని. నేను చూసింది ఆ బతిమాలడం.

తెలిసినవాడివి అప్పుడే నాకెందుకు చెప్పలేదని అబ్బా అడిగాడు. చాచా సైకిలు గుడ్డ మడతపెడుతూ, "చెబితే అమ్మని అనుమానించేవాడివి భయ్యా. నన్నంటే నీకు మొదట్నుంచీ అలవాటేగా" అన్నాడు. కోపంగా అనలేదు. అబ్బా తల వంచుకున్నాడు. చాచీ అందరికీ టీ పెట్టింది. మధ్యాహ్నం అన్నం తిన్నాం. అన్నదమ్ములు ఒకే పళ్లెంలో తిన్నారు, మాటలు మాత్రం ఉప్పు అందుకో, నీళ్లు అందుకో అన్నంతవరకే.

డెవ్లిన్ గారు వెళ్లే ముందు ఆయనకి సంగతంతా నేనే చెప్పాను, అబ్బా చెప్పమన్నాడు. దానితోపాటు జాడీలు వెనక్కి తెప్పించి ఒక గ్లాసు పోసి ఇచ్చాడు. కొన్ని నెలలకి ఆయన దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. రుజువేమీ దొరకలేదని, అయినా తనూ తన చెల్లెలూ కలిసి కుటుంబ సమాధి రాయి మీద ఆ చిన్నవాడి పేరు చెక్కించామని రాశారు. దాదీ ఆ ఉత్తరం రెండుసార్లు చదివించుకుంది. ఆ తర్వాత రెండేళ్లే బతికింది. అల్లాతో ఏం మాట్లాడుకుందో మాకు చెప్పలేదు గానీ, కార్ఖానా మూసెయ్యమని ఎన్నడూ అడగలేదు. అబ్బా ఒక వేసవిలో జబ్బుపడి మూడు వారాలు ఆస్పత్రిలో ఉంటే మొక్కకి తిండి వెయ్యడం అందరం మర్చిపోయాం. నల్లబడి చచ్చిపోయింది. ఇప్పుడు మా కార్ఖానా ఉన్నచోట సెల్‌ఫోన్ కవర్ల షాపు ఉంది. మాల్‌లో అద్దాల బీరువాలో జింజర్ బీర్ అని సీసాలు పెడుతున్నారు. ఒకసారి కొన్నాను. వెనక అక్షరాలన్నీ చదివాను, ఎవరు చేశారు, దేంతో చేశారు అని. అన్నీ రాసి ఉన్నాయి. ఒక్కటీ నమ్మబుద్ధి కాలేదు. ఆ రోజుల్లో మా సీసా మీద పొగబండి బొమ్మ, పేరు తప్ప ఏమీ లేకపోయినా, చేసిన చేతుల వాసన నాకు తెలుసు. ఆ చేతుల్లో ఏ ఒక్కటీ ఇంకోదాన్ని నమ్మలేదన్నదీ తెలుసు. ఇప్పుడు నా పిల్లలు ఇంట్లో దేనికీ తాళం వెయ్యరు, ఫోన్లకి తప్ప.

కొండపల్లి నుంచి తిరిగి వచ్చేరోజు సాయంత్రం చాచా మమ్మల్ని స్టేషనుకి దింపాడు. అబ్బా టిక్కెట్లు తీసుకోవడానికి వెళ్లాడు, దాదీ బెంచీ మీద కునికిపాట్లు పడుతోంది. అప్పుడు నేను చెప్పాను, టీకొట్టు దగ్గర చూసిన సంగతి అబ్బాకి చెప్పింది నేనే అని. చాచాకి అది తెలియదు. ఎవరో కొట్టువాడు చెప్పి ఉంటాడనుకున్నాడట ఎనిమిదేళ్లూ. ఆయన కొంతసేపు పట్టాలవైపు చూశాడు. తర్వాత నా తల మీద చెయ్యి వేసి, "నువ్వు చూసింది చెప్పావు. చూడనిది మీ నాన్న కలుపుకున్నాడు. పోనీలే" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. క్షమించాడని సంతోషపడ్డాను కూడా.

నిజంగానే క్షమించాడు. నా పెళ్లికి అన్ని పనులూ తన మీద వేసుకుని చేశాడు. నా పిల్లల్ని భుజాల మీద తిప్పాడు. ముసలితనంలో కూతురి దగ్గర ఉండడానికి మళ్లీ వన్‌టౌన్ వచ్చాక నెలకోసారి వెళ్లి చూసేదాన్ని. ఒకటి మాత్రం చాలా ఏళ్లకి గమనించాను. ఆయన ఎవరితోనైనా మాట్లాడుతున్నప్పుడు నేను గదిలోకి వస్తే ఆ మాట అక్కడితో ఆగిపోయేది. కావాలని చేసేవాడని అనుకోను. బహుశా ఆయనకే తెలియదు. చివరిసారి వెళ్లినప్పుడు మెట్లెక్కుతుంటే ఆయన గొంతు వినపడింది, కూతురితో ఏదో నవ్వుతూ చెప్తున్నాడు. నేను గుమ్మంలోకి వచ్చాను. ఆయన ఆగి, నావైపు చూసి, ప్రేమగా, "రా షమీమ్, ఎండలో వచ్చావు, ముందు మంచినీళ్లు తాగు" అన్నాడు. ఏం చెప్పుకుంటున్నారని నేను అడగలేదు. కూర్చుని నీళ్లు తాగాను.